అప్‌డేట్: భాషల వరం లేదని బాధపడుతూ అడిగిన ప్రశ్న గురించి

అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచినా భాషల వరం (పరిశుద్ధాత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడే వరం) రాలేదు, నాలో పరిశుద్ధాత్మ లేడా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (1 కొరింథీ) 12, 13, 14 అధ్యాయాలు ఒకే బిగిన చదివాను.

12వ అధ్యాయం చివర్లో పౌలు "అందరూ భాషలతో మాట్లాడుతున్నారా?" అని అడుగుతాడు. 'లేదు' అనే జవాబు కోసమే వేసిన ప్రశ్న అది! సగం బరువు అక్కడే దిగింది.

13వ అధ్యాయాన్ని ఇన్నాళ్లూ పెళ్లి ప్రసంగంగానే విన్నాను. వరాలు చూసుకుని అతిశయపడుతున్న సంఘానికి రాశాడని ఇప్పుడే గ్రహించాను. ప్రేమ లేకపోతే దేవదూతల భాష కూడా మోగే కంచేనట. అలాగని వరాలు వద్దనలేదు. 14:1లో ప్రేమ కోసం ప్రయాసపడమంటూనే వరాలనూ ఆశించమంటాడు. సంఘంలో మాత్రం తెలియని భాషలో పదివేల మాటలకన్నా అర్థమయ్యే ఐదు మాటలే మేలంటాడు (14:19).

ఒకటి ఒప్పుకోవాలి. భాషల వరమున్న ఒక సోదరి మీద నాకు లోలోపల అసూయ ఉండేది. "ప్రేమ మత్సరపడదు" దగ్గరికి వచ్చేసరికి ముందుకు చదవలేకపోయాను. నిన్న ఆమెకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం, మామూలు తెలుగులోనే.