పాత ఫ్యూజుల బోర్డు తీసి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెడుతున్నాం: ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఒకటా, రెండా?

రాజోలు దగ్గర పాత డాబా. సింగిల్ ఫేజు, చెక్క బోర్డు మీద కిట్‌క్యాట్ ఫ్యూజులు. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజరు, 1 హెచ్‌పీ మోటారు అన్నీ కలిసి ఆడితే 27 ఆంప్స్ దాకా లాగుతాయి. లోడు పెంపు దరఖాస్తు సంగతి వేరే, ఇక్కడ అడిగేది మీటరు తర్వాతి బోర్డు గురించే.

అనుకున్నది: ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే 40 ఆంప్స్ డబుల్ పోల్ ఎంసీబీ, అంటే ఓవర్‌లోడుకు పడిపోయే స్విచ్చి (ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపదు కదా), దాని తర్వాత 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ లీకేజీ రేటింగు ఆర్‌సీసీబీ. లైట్లకు 6, గీజరుకు 16, ఏసీలకు 20 ఆంప్స్ సీ-కర్వ్ (మోటార్లు మొదలయ్యేటప్పటి ఎక్కువ కరెంటును కాసేపు ఓర్చుకునే) ఎంసీబీలు. ఏసీలకు 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ.

చిక్కు న్యూట్రల్‌తోనే. పాత వైరింగులో రెండు గదులకు ఒకటే న్యూట్రల్. రెండు ఆర్‌సీసీబీలు పెట్టి దాన్ని విడదీయకపోతే, ఒకదాని ఫేజు కరెంటు రెండోదాని న్యూట్రల్‌లో తిరిగొచ్చి రెండూ పడిపోతాయి. ఒక్కటే పెడితే, ముసురులో గోడ చెమ్మకి, ఏసీల సహజ లీకేజీ తోడై 30 దాకా ఆగకుండా 20 మిల్లీఆంప్స్‌కే ఇల్లంతా చీకటి కావచ్చు.

గోడలు తవ్వకుండా న్యూట్రల్ విడదీసే దారి ఉందా? మోటారుకు విడిగా ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ చేసేది) సరిపోతుందా? ఉప్పు నేలలో జీఐ (జింకు పూత ఇనుప) పైపు ఎర్తు తుప్పు పట్టేస్తోంది, రాగి పూత రాడ్డు వాడినవాళ్లు ఎన్నేళ్లు నిలిచిందో చెప్పగలరా?