కోసి పారేసే కాడలు, మొలకెత్తిన దుంపలు: ఫ్లాటులో ఏవి నిజంగా పండుతున్నాయి?

మియాపూర్, మూడో అంతస్తు:
మా తూర్పు బాల్కనీలో ఉదయం పదిన్నర వరకే ఎండ ఉంటుంది. కోసిన క్యారెట్ తలలను మూడు వారాలుగా పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచితే ఆకులు వచ్చాయి గాని కింద దుంప ఊరలేదు. కూర తరిగాక మిగిలే వాటిలో వేటిని నాటితే తినడానికి పనికివస్తాయో, స్వయంగా పెంచినవారు చెప్పగలరా?

విజయవాడ ఇల్లాలు:
క్యారెట్టు, ముల్లంగి వంటివి తల్లివేరులో దాచుకున్న ఆహారంతో ఆకులు మాత్రమే వేస్తాయి, మళ్ళీ దుంప ఊరదు. ఆ దుంప కావాలంటే విత్తనమే వేయాలి. మీరు తీగబచ్చలితో మొదలుపెట్టండి. ముదురు కాడలను జానెడు పొడవున, రెండు మూడు కణుపులు ఉండేలా కోసి, ఒక కణుపు మట్టిలోకి పోయేటట్లు గుచ్చితే చాలు. నాటిన కాడ నిలదొక్కుకున్నాక చివర్లు తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వస్తాయి. మా ఇంట్లో వారానికొకసారి బచ్చలి పప్పుకు సరిపోతోంది. పుదీనా కూడా ఇంతే: కట్టలో గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్ళలో ఉంచితే పది రోజుల్లోపే కణుపుల దగ్గర వేర్లు వస్తాయి.

హనుమకొండ అద్దె ఇల్లు:
పుదీనాను నీళ్ళలోనే ఉంచేయవద్దని నా అనుభవం. వేర్లు రెండంగుళాలు రాగానే మట్టిలోకి మార్చకపోతే ఆకు చిన్నదైపోయి పాలిపోతుంది. ఇంకొక ముఖ్యమైన మాట: ఆ గ్లాసు నీళ్ళు రెండు రోజులకొకసారి తప్పక మార్చి, గ్లాసును లోపల రుద్ది కడగండి. డెంగీ దోమ శుభ్రమైన నిలవ నీటిలోనే, పాత్ర గోడలకు అంటించి గుడ్లు పెడుతుంది. కుండీల కింది పళ్ళేల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి.

విశాఖ, సముద్రం వైపు బాల్కనీ:
నేను అల్లం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తక్కువ ఎండ ఉన్న ఫ్లాటులకు ఇంతకన్నా అనువైన దుంప నాకు కనిపించలేదు. బజారు అల్లంలో ముడుచుకుపోని, లేత పచ్చని మొలక కన్ను ఉబ్బి ఉన్న ముక్కను ఎంచుకుని, సుమారు పాతిక గ్రాముల బరువు, కనీసం ఒక కన్ను ఉండేలా విరిచి, కోత ఆరేవరకు రెండు రోజులు నీడలో ఉంచాలి. మే నెలాఖరు నుంచి జూన్ లోపల, లోతుకన్నా వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టిలో, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటండి. మొదటి ఏడాది నేను రోజూ నీళ్ళు పోసి దుంపను కుళ్ళబెట్టాను, ఆ వాసన ఇప్పటికీ మరువలేదు. రెండో ఏడాది మట్టిలో మూడోవంతు కొబ్బరిపొట్టు కలిపి, పైమట్టి ఆరితేనే తడిపాను. ఆరో నెల తరువాత పక్కనుంచి లేత అల్లం తీసుకోవచ్చు. ఎనిమిదో నెలకు ఆకులు పండి ఎండిపోయాక పూర్తిగా తవ్వుకోవచ్చు.

డాలస్, రెండో అంతస్తు:
ఇక్కడి భారతీయ దుకాణంలో కొన్న గోంగూర కట్ట ముదురు కాడలను మట్టిలో గుచ్చి పెంచాను. వేసవి అంతా ఆకు బాగా వచ్చింది, కాని పగటి వేళ తగ్గే కొద్దీ పూతకు వెళ్ళిపోయింది. తరువాత మంచు పడితే మిగలదు. వెల్లుల్లి రెబ్బలను మాత్రం చలికాలమంతా కిటికీ దగ్గర పెట్టి, లేత ఆకును కత్తిరించుకుంటున్నాను.

విజయవాడ ఇల్లాలు:
డాలస్ గారు, వెల్లుల్లి మా దగ్గరా ఆకు కోసమే, గడ్డ కట్టడానికి ఈ ఊరి చలి చాలదు. ఇంకొక హెచ్చరిక: పచ్చబడిన బంగాళాదుంపలను వండకండి, ఆ మొక్క ఆకులనూ తినకండి, రెండింటిలోనూ విషపదార్థం ఉంటుంది. చిలగడదుంప తీగ లేత ఆకులు మాత్రం నిశ్చింతగా వండుకోవచ్చు.

మియాపూర్, మూడో అంతస్తు:
అందరికీ కృతజ్ఞతలు. క్యారెట్ పళ్ళెం తీసేసి, ఈ సాయంత్రమే నాలుగు బచ్చలి కాడలు గుచ్చాను. విశాఖ గారు, మీ అల్లం తొట్టి ఎన్ని అంగుళాల వెడల్పో, అందులో ఎన్ని ముక్కలు నాటారో తెలియజేయగలరా?

విశాఖ, సముద్రం వైపు బాల్కనీ:
తొట్టి పద్నాలుగు అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల లోతు. మూడు ముక్కలు నాటాను. నాలుగోదానికి చోటు చాలదు.