జనరల్ చౌధురిని ఎలా గుర్తుంచుకోవాలి?

మూసీతీరం:
హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 దగ్గర పడుతోంది, మళ్లీ అదే ప్రశ్న. 1948లో షోలాపూర్ వైపు నుంచి సాయుధ డివిజన్‌తో వచ్చి, నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటును స్వీకరించిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, 1949 చివరి దాకా ఇక్కడ మిలిటరీ గవర్నర్. ఆయన మనకు ఏమవుతారు?

భువనగిరి కోట:
విముక్తి ప్రదాత. ఆ ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి మగవాళ్లను నిలబెట్టి కాల్చేశారు. మూడు వారాలు తిరిగేసరికి ఆ పీడ విరగడైంది. జాగీర్లు, అంటే నిజాం తన కొలువువాళ్లకు ఇచ్చిన ఊళ్లు, రద్దయిందీ ఆయన ఏలుబడిలోనే. నగరంలో వీధి పోరాటాలు జరగకుండా గట్టెక్కడం చిన్న సంగతా?

పాతబస్తీ పాఠకురాలు:
భువనగిరి గారూ, రజాకార్ల నేత ఖాసిం రజ్వీ మనుషుల పాపాన్ని నేను తక్కువ చేయను. కానీ మీరు లెక్కను పోలీసు చర్య అన్న ఆ ఐదు రోజుల సైనిక దాడి దగ్గరే ఆపేశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగి, పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. కొన్ని చోట్ల సైనికులే ముస్లిం మగవాళ్లను ఊళ్లలోంచి బయటికి తెచ్చి చంపారని అందులో ఉంది. చాలా చోట్ల సైన్యం వాళ్లను కాపాడిందనీ ఉంది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు.

భువనగిరి కోట:
చంపమని చౌధురి ఆదేశించినట్టు అందులో ఉందా? లేనప్పుడు ఆ నెత్తురు ఆయనకెలా అంటగడతారు?

పాతబస్తీ పాఠకురాలు:
లేదు, ఆదేశించారని నేనూ అనడం లేదు. సైన్యం, పోలీసులు, కచేరీలు అన్నీ ఆయన చేతిలోనే ఉన్న రోజులవి. చాలా చోట్ల కాపాడగలిగారంటే కాపాడడం సాధ్యమేనన్నమాట. మిగిలిన చోట్ల ఎందుకు కాపాడలేదో జవాబు చెప్పవలసింది ఆయనే.

ఇక జాగీర్ల రద్దు. మంచి పనే, ఒప్పుకుంటాను. అయితే జాగీర్లు రాజ్యంలో మూడో వంతుకు దగ్గరగా ఉండేవి, అంతే. విసునూరు దేశ్‌ముఖ్ లాంటి దొరలు జాగీర్దారులు కారు, కాబట్టి ఆ రద్దు వాళ్లను తాకలేదు. నల్గొండ, వరంగల్ ఊళ్లలో కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘాలు పంచిన భూములను, సైన్యం వెనకాలే తిరిగొచ్చిన దొరలు లాక్కున్నారు. కమ్యూనిస్టు దళాలను అడవుల్లో నెలల తరబడి వేటాడడానికి దొరికిన బలగం, ఉస్మానాబాద్ పల్లెలకు కాపలా కాయడానికి ఎందుకు దొరకలేదు?