రోజువారీ ప్రయాణానికి పికప్ ట్రక్కు ఉండగా చిన్న కారు కొనడం లాభమేనా?

డాలస్ ప్రాంతంలో ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్‌లోని కార్యాలయానికి రాకపోకలతో ఏడాదికి సుమారు 15,000 మైళ్లు తిరుగుతున్నాను. నా వద్ద ఉన్నది 2018 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు, 5.0 లీటర్ల ఇంజిన్; అప్పు తీరిపోయింది, గ్యాలనుకు 18 మైళ్లు ఇస్తోంది. ట్రైలర్ లాగే అవసరం ఉన్నందున దీన్ని అమ్మే ఆలోచన లేదు. దీనికి తోడుగా, గ్యాలనుకు 33 మైళ్లిచ్చే పాత టయోటా కొరొల్లా కారును 15,000 డాలర్లకు కొనాలా అన్నది సమస్య.

గ్యాలను 3 డాలర్ల చొప్పున లెక్కిస్తే ఏటా 379 గ్యాలన్లు, అంటే దాదాపు 1,140 డాలర్లు ఆదా అవుతాయి గానీ, రెండో బండికి బీమా, రిజిస్ట్రేషన్, ఉద్గారాల పరీక్ష కలిపి 900 డాలర్ల వరకు పోతాయి. మిగిలే 240 డాలర్లతో టెక్సస్ 6.25 శాతం అమ్మకపు పన్ను తిరిగి రావడానికే నాలుగేళ్లు పడుతుంది!

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లన్నీ ట్రక్కును అమ్మేస్తామనే అనుకుంటున్నాయి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్, వ్యాపార ప్రయాణాల ఖర్చు లెక్కకు 2025కు ప్రకటించిన మైలుకు 70 సెంట్ల రేటుతోనూ ప్రయత్నించాను; అది ట్రక్కుకూ కారుకూ ఒకటే, పైగా అందులో బీమా, ఇంధనం కూడా కలిసి ఉండటం వల్ల ఇక్కడ ఉపయోగపడలేదు. కదలకుండా ఉంచినా వయసు వల్ల ట్రక్కు విలువ ఎలాగూ తగ్గుతుంది కనుక, తేలవలసింది మైళ్ల వల్ల అదనంగా కలిగే నష్టమే.

ఇలాంటి ట్రక్కును నడిపి, తర్వాత అమ్మినవారు చెప్పగలరా: టైర్లు, బ్రేకులు, మరమ్మతులు, మైళ్ల వల్ల తగ్గే ధర కలిపి, ఇంధనం కాకుండా మైలుకు ఎన్ని సెంట్లు వేసుకోవాలి?