కాలిక్యులస్ కష్టమా, స్టాటిస్టిక్స్ కష్టమా? మా చెల్లి కోసం అడుగుతున్నాను

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. మా చెల్లి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. డిగ్రీలో మ్యాథ్స్ తీసుకోవాలా, స్టాటిస్టిక్స్ తీసుకోవాలా అని ఇంట్లో రోజూ చర్చే. నాది కామర్స్, సలహా చెప్పేంత తెలీదు.

కాలిక్యులస్ అంటే దానికి భయం లేదు. ఇంటిగ్రల్ ఎంత పొడుగున్నా, ఏ పద్ధతి వాడాలో తట్టిందంటే చకచకా చేసేస్తుంది. వచ్చిన జవాబును డిఫరెన్షియేట్ చేసి (అది ఇంటిగ్రేషన్‌కు తిరగేసిన పద్ధతి కదా) సరిచూసుకుంటుంది కూడా. స్టాటిస్టిక్స్‌కు పునాది అయిన సంభావ్యత (ప్రాబబిలిటీ) దగ్గరే ఆగిపోతోంది. మొన్న ఒక లెక్క: 1000 మందిలో 10 మందికి జబ్బు ఉంది. టెస్టు ఆ 10 మందిలో 9 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 990 మందిలో 99 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చినవాళ్లు 108 మంది, నిజంగా జబ్బున్నవాళ్లు 9 మందే. 12 మందిలో ఒక్కరు! ఉన్నవి కూడికలూ భాగహారాలే, అయినా ఆ జవాబు మా ఇద్దరికీ ఓ పట్టాన మింగుడుపడలేదు. కష్టం లెక్క చేయడంలో కాదు, ప్రశ్నను అర్థం చేసుకోవడంలోనే ఉందని నాకనిపిస్తోంది.

పైగా స్టాటిస్టిక్స్‌లో వచ్చే, గంట ఆకారపు గ్రాఫ్ ఉండే నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో వక్రరేఖ కింద వైశాల్యం అంటే మళ్లీ ఇంటిగ్రేషనే కదా. మరి కాలిక్యులస్ బాగా వచ్చినవాళ్లకు స్టాటిస్టిక్స్ తేలికవుతుందా, లేక అది పూర్తిగా వేరే రకం ఆలోచనా? రెండూ చదివినవాళ్లు, ముఖ్యంగా ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో విజయనగరంలోనో చదివినవాళ్లు, మీకు ఏది ఎక్కడ కష్టమైందో చెప్పండి. ఈ సెలవుల్లో ముందుగా ఏం చదివిస్తే మంచిది? లెక్కలంటే దానికి ప్రాణం, ఆ ఇష్టం పోకూడదని నా తాపత్రయం.