మేనేజర్లు లేని ఆఫీసు నిజంగా నడుస్తుందా?

మధురవాడ టెస్టర్:
రుషికొండ దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, పాతిక మందిలోపే ఉంటాం. ఉగాది నుంచి మా ఎండీ గారు "ఇక మేనేజర్లు ఉండరు, అందరూ సమానమే, మీలో మీరే తేల్చుకోండి" అన్నారు. మొదట్లో హాయిగానే ఉంది. ఇప్పుడు సెలవు ఎవరిని అడగాలో తెలీదు, క్లయింట్ డేట్ ముందుకు జరిపితే ఒప్పుకోవాలో వద్దో ఎవరూ చెప్పరు, చివరికి ఎండీ గారితో పాటు టీ కొట్టు దగ్గర నిలబడే ఇద్దరు సీనియర్లు ఏమంటే అదే జరుగుతోంది. వాళ్లకి హోదా లేదు కాబట్టి కంప్లయింట్ కూడా పెట్టలేం! పైనుంచి ఆర్డర్లు లేకుండా నడిచే చోట్లు అసలు ఉన్నాయా, లేక ఇది మేనేజర్ల జీతాలు మిగుల్చుకునే ప్లానా?

గాజువాక గురు:
రెండోదే తమ్ముడూ. ఇంక్రిమెంట్ ఎవరు వేస్తున్నారో చూడు, బాస్ ఎవరో తెలిసిపోతుంది.

సీతమ్మధార:
గురు గారూ, అంత తేలిగ్గా తీసెయ్యకండి, నడిచే చోట్లు ఉన్నాయి. కేరళలో ఉరాలుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సొసైటీ 1925 నుంచి ఉంది. రోడ్లు, వంతెనలు కడతారు. సభ్యులు కార్మికులే, డైరెక్టర్లను ఓటేసి ఎన్నుకునేదీ వాళ్లే. అలాగని సైటు దగ్గర లీడర్ ఉండడని కాదు, పని చెప్పేవాడు ఉంటాడు, కాకపోతే అతని పైవాళ్లను కూర్చోబెట్టింది కింద పనిచేసేవాళ్లు. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ ఇంకో రకం. ఇళ్లకెళ్లి రోగుల్ని చూసే నర్సులు గరిష్ఠంగా పన్నెండు మంది ఒక టీమ్, డ్యూటీలు వాళ్లే వేసుకుంటారు, కొత్తవాళ్లనీ వాళ్లే తీసుకుంటారు. గొడవొస్తే సలహా చెప్పడానికి కోచ్ ఉంటారు గానీ ఆ కోచ్‌కి ఆర్డర్ వేసే అధికారం లేదు. బిల్లులు, జీతాల లెక్కలు సెంట్రల్ ఆఫీసు చూసుకుంటుంది. మీ ఎండీ గారు పదవులు తీసేశారు, అధికారం మాత్రం ఎవరికీ పంచలేదు, తేడా అక్కడుంది.

గాజువాక గురు:
మరి అమెరికాలో చెప్పులమ్మే జాపోస్ సంగతో? వాళ్లు హోలాక్రసీ అని, మేనేజర్లు లేకుండా నడిపే పద్ధతికి రూల్స్ బోలెడు రాసుకున్నారు కదా. 2015లో ఇష్టం లేనివాళ్లు డబ్బు తీసుకుని వెళ్లొచ్చంటే రెండొందల మందికి పైగా వెళ్లిపోయారు.

సీతమ్మధార:
నిజమే, అదీ పైనుంచి దిగిన ఆర్డరే మరి.

పెందుర్తి కోడలు:
నెదర్లాండ్స్ దాకా ఎందుకండీ, మా అత్తగారి డ్వాక్రా గ్రూపు చూడండి. అప్పు ఎవరికివ్వాలో అందరి ముందే మాట్లాడతారు, తీర్మానం పుస్తకంలో రాస్తారు, సంతకాలు పెడతారు. తర్వాత ఎవరైనా "నాకు చెప్పలేదు" అంటే పుస్తకం తీసి చూపిస్తారు. గొడవలు పడరా అంటే బాగా పడతారు, ఆవిడ ఇంటికొచ్చి ఇంకో గంట తిడతారు కూడా. మీ ఆఫీసులో నిర్ణయాలు రాసిన కాగితం ఒక్కటైనా ఉందా?

మధురవాడ టెస్టర్:
లేదండీ, వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తులే.

సీతమ్మధార:
అయితే సెలవులతో మొదలుపెట్టండి. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరిని అడిగి నిర్ణయిస్తారు, కాదంటే ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఈ మూడూ రాసి అందరూ చూసే చోట పెట్టండి. తర్వాత క్లయింట్ డేట్లు. జీతాల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, ఎండీ గారు అక్కడే ఆపేస్తారు.

గాజువాక గురు:
ఆపితే నేను చెప్పిందే రైట్ అన్నమాట. సోమవారం ఏమైందో ఇక్కడ రాయి తమ్ముడూ.