వైరల్ నిమోనియాకి హైపర్‌బారిక్ ఆక్సిజన్ పనిచేస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా నాన్నకి వైరల్ జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి దిగింది. పది రోజులైనా ఆయాసం తగ్గలేదు, గుమ్మం దాకా నడిచి గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు, ఆక్సీమీటర్ 90 చూపిస్తోంది. విశాఖ తీసుకెళ్లి హైపర్‌బారిక్ చాంబర్‌లో పెట్టించమని చుట్టాలు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, చాంబర్ సంగతి తర్వాత, 90 అంటే ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లు, ముందు మామూలు ఆక్సిజన్ పెడతారు. చాంబర్‌లో గాలి ఒత్తిడిని రెండు, రెండున్నర రెట్లు పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు, అప్పుడది రక్తంలోని ద్రవం, అంటే ప్లాస్మాలో కూడా ఎక్కువగా కరుగుతుంది. లోతు నీళ్లలోంచి గబుక్కున పైకొచ్చిన డైవర్లకి, బొగ్గుపొగ విషం ఎక్కినవాళ్లకి, మానని షుగర్ పుళ్లకి వాడతారు. వైరల్ నిమోనియా తెచ్చే కోవిడ్‌కి చిన్న అధ్యయనాలు జరిగాయి గానీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు.

ఇంకో జవాబు:
మా అమ్మకి కాలి పుండుకి చేయించాం. ఒత్తిడి పెరుగుతుంటే చెవులు దిబ్బళ్లు పడ్డాయి, గుటకలు మింగుతూ ఉండమన్నారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే మాత్రం ప్రాణం మీదకొస్తుంది, ఎక్స్‌రే లేకుండా చాంబర్‌లోకి ఎక్కించొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్ దొరికింది అన్నా, శ్రీకాకుళం బయల్దేరుతున్నాం.